‘జిన్’ ధారావాహికలో జిన్నుకు జరిగిన అన్యాయం

జోర్డాన్ దేశంలో తీసిన ‘జిన్’ అనే అరబ్బీ ధారావాహిక 2019 జూన్ 13న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయింది. అరబ్బీ భాషలో ఆ సంస్థ స్వయంగా తీయించిన మొదటి ధారావాహిక అదే. మొత్తం ఐదు భాగాలు. అన్నీ కలిపినా కాస్త పొడుగైన తెలుగు సినిమా అంత ఉంటుందేమో! అరబ్బు దేశాల్లో రమజాన్ మాసంలో వచ్చే ధారావాహికలు ముప్పై రోజులకు ముప్పై భాగాలుగా సాగడం ఆనవాయితీ. ఇది ఐదింటితోనే ఆగిపోయింది. రెండో విడత రాలేదు. అయినా ఆ ఐదు భాగాలే అక్కడ పెద్ద దుమారం లేపాయి. ప్రభుత్వ న్యాయాధికారి కదిలాడు, ముఫ్తీ గారు మాట్లాడారు, పత్రికలు రాశాయి, ఫోన్లు ఉన్న ప్రతివారూ తలా ఒక మాట అన్నారు. ఇంత గొడవలోనూ జిన్ను పేరు పెట్టుకున్న ఆ కథలో జిన్నును ఏం చేశారన్న ప్రశ్న మూలన పడిపోయింది. మేము చెప్పదలచినది ఆ ప్రశ్న గురించే.

ముందుగా కథ ఏమిటో క్లుప్తంగా. అమ్మాన్ నగరంలో చదువుకునే కుర్రకారు బడి తరఫున పెట్రా శిథిల నగరానికి యాత్రకు వెళతారు. వారిలో మీరా అనే అమ్మాయి తల్లిని పోగొట్టుకుని లోలోపల కుమిలిపోతున్నది. యాసీన్ అనే అబ్బాయిని తోటి కుర్రాళ్లు ఎప్పుడూ ఏడిపిస్తూ, కొడుతూ ఉంటారు. ఆ యాత్రలోనే ఒక విద్యార్థి ప్రాణం పోతుంది. అప్పటి నుంచి వీరి మధ్యకు జిన్నులు మనుషుల రూపంలో వస్తాయి. కెరాస్ అనే జిన్ను మీరాకు అండగా నిలుస్తాడు. వేరా అనే ఆడ జిన్ను యాసీన్ పక్కన చేరి అతని పగ తీర్చే పనిలో ఉంటుంది. మంచి జిన్ను ఒకవైపు, చెడ్డ జిన్ను ఒకవైపు, మధ్యలో ప్రపంచానికి రాబోయే ముప్పు. చివరికి పోరాటం. ఇంతే కథ.

విడుదలైన మరునాటి నుంచే జోర్డాన్‌లో నిరసన మొదలయింది. ఒక అబ్బాయీ అమ్మాయీ ముద్దు పెట్టుకునే దృశ్యం, కుర్రకారు నోట వచ్చే బూతు మాటలు, వారి విచ్చలవిడి ప్రవర్తన - ఇవీ అభ్యంతరాలు. మా పిల్లలు ఇలా ఉండరు అన్నారు కొందరు. ఉంటారు, మీకే తెలియదు అన్నారు మరికొందరు. అమ్మాన్‌లో ఉన్నవారి పేటల్లోని కొద్దిమంది బతుకును తెచ్చి దేశమంతటికీ అంటగట్టారని ఇంకొందరు వాదించారు. ప్రధాన ముఫ్తీ ఈ ధారావాహికను ఖండించారు. అటార్నీ జనరల్ దీన్ని ఆపించే చర్యలు తీసుకోవాలని సైబర్ నేరాల విభాగాన్ని ఆదేశించారు. చిత్రీకరణకు సహకరించిన రాయల్ ఫిల్మ్ కమిషనేమో, కథలను తనిఖీ చేయడం తమ పని కాదని వివరణ ఇచ్చుకున్నది. ఇంతా చేస్తే ఆ సంస్థ ఉన్నది వేరే దేశంలో. ఆకాశం నుంచి ఊడిపడే బొమ్మను అమ్మాన్‌లో ఉన్న ఏ అధికారి ఆపగలడు? ఆగనూలేదు. నిషేధించాలన్న కేకలు విని, అసలు దాని పేరే ఎరుగనివారు కూడా వెతికి చూసి ఉంటారనడంలో సందేహం అక్కర్లేదు.

అటువంటి దృశ్యాలు ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగినవి కావన్న మాటతో మాకేమీ పేచీ లేదు. హయా (సిగ్గూ బిడియం) విశ్వాసంలో భాగమని బోధించే ధర్మం మనది. తల్లిదండ్రులకు కోపం రావడం సహజం. కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో చూడండి. తీయించినవారు ఎక్కడో అమెరికాలో ఉన్నారు. డబ్బు పెట్టినవారికి చీమ కుట్టినట్టయినా లేదు. తిట్లూ శాపాలూ అన్నీ కొత్తగా తెర మీదికి వచ్చిన కుర్ర నటుల మీద, ముఖ్యంగా మీరా పాత్ర వేసిన సల్మా మల్హస్ అనే అమ్మాయి మీద కురిశాయి. చివరికి నటులను ఇలా వేధించడం తగదని ఆ సంస్థే బహిరంగంగా ప్రకటన చేయవలసి వచ్చింది. ఒక బడి పిల్లవాణ్ణి పదిమంది చేరి వేధించడం కథలో చూపితే, దానికి జవాబుగా ఒక ఆడపిల్లను వేలమంది చేరి వేధించారు! సచ్ఛీలురైన స్త్రీల మీద నింద మోపడం ఎంతటి మహాపాపమో మదర్సాలో చిన్న తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. పాత్ర వేరు, పాత్రధారి వేరు అన్న సంగతి పక్కన పెట్టినా, హయా పేరు మీద హయాను మంటగలపడం ఏ రకమైన ధర్మరక్షణో మాకు బోధపడదు.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం.

పెట్రా నగరం నబాతీయులనే పురాతన అరబ్బు జాతి కొండలను తొలిచి కట్టుకున్నది. సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. దాని పక్కనున్న ఊరి పేరే వాదీ మూసా, అంటే మూసా లోయ. అల్లంత దూరంలో హారూన్ పర్వతం, దాని శిఖరం మీద హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) సమాధి అని చెప్పుకునే కట్టడం. లోయలోకి వెళ్లే ఇరుకు దారికి ముందు, దారి పక్కన చదరంగా చెక్కిన మూడు పెద్ద రాతి దిమ్మెలు నిలబడి ఉంటాయి. అవి సమాధులని కొందరు పురావస్తు పండితుల అభిప్రాయం. స్థానిక బదూలు మాత్రం వాటిలో జిన్నులు కాపురం ఉంటాయని చెప్పుకునేవారు. నేటికీ యాత్రికులకు వాటిని ‘జిన్ను రాళ్లు’ అనే చూపిస్తారు. ఇరుకు దారి దాటగానే కనిపించే ఖజ్నా భవనం పై భాగంలో ఒక పెద్ద రాతి కలశం ఉంది. దానిలో ఫిరౌను దాచిన నిధి ఉందని నమ్మి, పూర్వం బదూలు దాన్ని పగలగొట్టడానికి తుపాకులు పేల్చారు. ఆ గుళ్ల దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. తీరా చూస్తే కలశం లోపల బోలు లేదు. అంతా గట్టి రాయే!

ఇటువంటి చోట జిన్నుల కథ అల్లదలచినవానికి సరుకు ఎక్కడో వెతుక్కోవలసిన పని లేదు. దివ్య ఖుర్ఆన్‌లో 72వ అధ్యాయం పేరే ‘అల్ జిన్న్’. మొత్తం 28 ఆయతులు. నఖ్లా అనే చోట దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఖుర్ఆన్ పఠిస్తుండగా కొన్ని జిన్నులు విని, ఆశ్చర్యపోయి, విశ్వసించి, తమ జాతివారి దగ్గరకు పోయి ఆ వార్త చెప్పిన సందర్భం అది. అందులో చాలావరకు మాట్లాడేది జిన్నులే. వారు చెప్పిన సంగతులేమిటి? తమలోనూ సజ్జనులున్నారనీ, అలా కానివారూ ఉన్నారనీ చెబుతారు. ఆకాశపు ముచ్చట్లు దొంగచాటుగా వినడానికి వెళితే ఇప్పుడు అక్కడ కాపలా ఉందంటారు. భూమ్మీద ఉన్నవారికి కీడు తలపెట్టారో మేలు తలపెట్టారో తమకు తెలియదని ఒప్పుకుంటారు. జిన్నులే మాకు తెలియదని అంటుంటే, జిన్నును అడిగి చెబుతామనే మనుషుల్ని మనం నమ్ముతున్నాం!

ఆ అధ్యాయంలోనే మరొక మాట ఉంది. కొందరు మనుషులు కొందరు జిన్నుల శరణు కోరేవారనీ, దానివల్ల వారి తలపొగరు ఇంకా పెరిగిపోయిందనీ. వ్యాఖ్యాతలు దీనికి ఇచ్చిన వివరణ పాఠకులు శ్రద్ధగా గమనించాలి. అజ్ఞాన కాలంలో అరబ్బులు ప్రయాణంలో చీకటి పడి ఏదైనా లోయలో దిగవలసి వస్తే, ఈ లోయను ఏలే జిన్ను నాయకుని శరణు కోరుతున్నామని గట్టిగా పలికి పడుకునేవారట. నిర్జనమైన లోయ, రాత్రి, భయపడ్డ మనిషి, కనిపించని శక్తి సాయం. యాసీన్ కథ సరిగ్గా ఇదే కదా! బలహీనుడైన ఒక కుర్రవాడు తనను కాపాడేవారు ఎవరూ లేక ఒక జిన్ను నీడన చేరాడు. చేరిన తరువాత పగ చల్లారలేదు, పెరిగింది. పధ్నాలుగు వందల ఏళ్ల క్రితమే చెప్పిన మాట ఈనాటి బడి పిల్లవాని బతుకులో ఎలా నిజమవుతుందో చూపగలిగితే అదెంత గొప్ప కథ అయ్యేది! పెట్రా వంటి చోటు కూడా చేతికి దొరికింది. దర్శకులిద్దరిలో ఒకరైన అమీన్ మతాల్ఖా చేతగానివాడు కాడు. విమానాశ్రయం ఊడ్చే ఒక ముసలాయన పేటలోని పిల్లలకు కథలు చెప్పే ‘కెప్టెన్ అబూ రాయిద్’ (2007) అనే చిత్రం తీసి పేరు తెచ్చుకున్నవాడే. కానీ ఈ ధారావాహికలో జిన్ను అంటే కళ్లు మార్చి భయపెట్టే ఒక అందమైన కుర్రవాడో, అమ్మాయో మాత్రమే. ఆ జిన్నుకు ధర్మం లేదు, దైవం ముందు జవాబుదారీ లేదు, తన జాతి లేదు. పేరు తీసేసి ఏ పాశ్చాత్య దేశపు దయ్యాన్ని ఆ చోట నిలబెట్టినా కథ మారదు. బడి కూడా అంతే. మాటలు అరబ్బీవి, నడకలు అమెరికా సినిమాలవి. ఐదు భాగాలకే ఆయువు తీరడానికి ముద్దు దృశ్యం కన్నా ఇదే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మన తెలుగు దేశంలో ఈ పని చాలాకాలం కిందటే జరిగింది. 1957లో వచ్చిన ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ నాటి నుంచీ మనవారికి జిన్ను అంటే దీపం రుద్దితే పొగలోంచి లేచే భూతం. తెలుగులో దాన్ని భూతమనే పిలిచారు. భూతం, దయ్యం అన్నవి చచ్చినవారి ఆత్మలకు మనవారు వాడే మాటలు. జిన్ను అలా కాదు. అది మనిషి లాగే సృష్టించబడిన జీవి. మనిషి మట్టి నుంచి, జిన్ను అగ్ని నుంచి. రెండింటికీ పుట్టుక ఉంది, చావు ఉంది, తీర్పు దినాన లెక్క ఉంది. అరబ్బీలో జీమ్, నూన్, నూన్ అనే ధాతువుకు ‘కప్పబడి ఉండటం’ అని అర్థం. తల్లి కడుపులో దాగిన శిశువు జనీన్. చెట్లు నేలను కప్పిన తోట జన్నత్. తెలివి మీద తెర పడితే జునూన్. కంటికి కనిపించనిది జిన్ను. ఒక్క వేరు నుంచి వచ్చిన మాటలివన్నీ. పిల్లలకు ఇది చెప్పినప్పుడు వారి ముఖాల్లో భయం పోయి కుతూహలం రావడం మేము చూస్తూనే ఉన్నాం.

అదే వేరు నుంచి వచ్చిన మరో మాట ‘మజ్నూన్’. జిన్ను పట్టినవాడు, మతి చెడినవాడు. మక్కా నాయకులు దైవప్రవక్తను (స) ఎదుర్కోలేక ఆయన మీద వేసిన నింద ఇదే. నీవు మజ్నూన్‌వి కావని అల్లాహ్ స్వయంగా సాక్ష్యం పలకవలసి వచ్చింది. ఒక మనిషి మాట వినడం ఇష్టం లేనప్పుడు, అతనికి జిన్ను పట్టిందని అనేయడం చాలా పాత పద్ధతి అన్నమాట.

మన ఇళ్లలో ఈ పద్ధతి ఏమైనా పోయిందా? పెళ్లయి ఆరు నెలలు తిరగకుండానే కోడలు మాట మానేస్తుంది, తిండి సహించదు, రాత్రులు లేచి కూర్చుంటుంది. ‘అసర్ హై’ అంటారు. తల్లి పోయిన పిల్ల బడికి వెళ్లనని మొండికేస్తే ‘సాయా’ అంటారు. తోటివారు కొడుతున్నారని చెప్పలేక కుర్రవాడు ఉలిక్కిపడి లేస్తుంటే ‘ఆసేబ్’ అంటారు. ఆ తరువాత ఆమిల్ దగ్గరకు ప్రయాణం. తావీజు, దారం, నిమ్మకాయలు, నల్లకోడి, ధూపం. ఆయన ముందుగా అడిగేది డబ్బు. తరువాత అడిగేది ఇంట్లో ఎవరి మీద అనుమానం ఉందని. దాంతో తోడికోడలికో, ఆడపడుచుకో చేతబడి అంటగట్టబడి, ఒక రోగం కాస్తా రెండు కుటుంబాల వైరం అవుతుంది. కొన్నిచోట్ల కొట్టడం, కట్టివేయడం కూడా ఉంది. ఆ పిల్లను కూర్చోబెట్టి ‘ఏమైందమ్మా?’ అని అడిగినవారు మాత్రం ఉండరు. అడిగితే అత్తవారింటి సంగతులు బయటపడతాయేమోనని భయం. జిన్ను మీదికి నెట్టేస్తే అందరూ క్షేమం!

ఇప్పుడు ఆ ధారావాహికను మళ్లీ ఒకసారి తలచుకోండి. మీరాకు ఉన్నది తల్లి పోయిన దుఃఖం. యాసీన్‌కు ఉన్నది నిత్యం పడే దెబ్బలు, అవమానం. రెండూ అచ్చమైన మనుషుల బాధలు. వాటికి మందు మనుషుల దగ్గరే ఉంది. తీసినవారు ఆ రెండింటి మధ్యకు జిన్నును తెచ్చి, అసలు బాధను పక్కకు నెట్టేశారు. మన గల్లీలోని ఆమిల్ చేసే పని కూడా ఇదే. ఆయన పుచ్చుకునేది నోట్లు, వారు పుచ్చుకునేది నెలసరి చందా.

మేము జిన్నులు లేవని అనడం లేదు. అలా అంటే ఖుర్ఆన్‌ను కాదన్నట్టే. జిన్ను మనిషిని ఆవహించే విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది, ఆ లోతుల్లోకి ఇక్కడ పోబోము. రోగి దగ్గర కూర్చుని ఫాతిహా, చివరి రెండు సూరాలు చదివి ఊదడం దైవప్రవక్త (స) సంప్రదాయమే. దానికి రుసుము బోర్డు అక్కర్లేదు, తల్లే చదవవచ్చు. అయితే రోగానికి వైద్యం చేయించుకోమని చెప్పినవారూ ఆయనే. జోస్యగాని దగ్గరకు పోయి అడిగినవాని నమాజు నలభై రోజుల పాటు స్వీకరించబడదని హెచ్చరించినవారూ ఆయనే. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఉదంతం తెలిసిందే. ఆయన చేతికర్రకు ఆనుకుని నిలుచుండగానే కన్నుమూశారు. జిన్నులు ఆ సంగతి తెలియక, ఆయన చూస్తున్నారనుకుని చాకిరీ చేస్తూనే ఉన్నాయి. ఒక పురుగు కర్రను తొలిచి, దేహం కింద పడ్డాకగానీ వాటికి తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి చనిపోయాడో బతికున్నాడో కనిపెట్టలేని జాతికి మన ఇంటి రహస్యాలు, రేపటి సంగతులు తెలుస్తాయని నమ్మి డబ్బు కట్టేవారిని ఏమనాలి?

దీని ఫలితం ఎంతవరకు పోతుందో మన పొరుగు రాష్ట్రమే చూసింది. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. వారిని అక్కడ వదిలి వెళ్లినవారు శత్రువులు కారు. నయమవుతుందని నమ్మిన తల్లిదండ్రులు, అన్నదమ్ములు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని స్పష్టంగా నిషేధించింది. చట్టం ఆసుపత్రుల మీద నిఘా పెట్టగలదు. ఇంటి వెనుక గదిలో ఏం జరుగుతున్నదో దానికి ఎవరు చెప్పాలి?

జిన్నుల కథలే వద్దని ఇదంతా విని ఎవరైనా అంటే అదీ మాకు సమ్మతం కాదు. ‘జిన్’ వచ్చిన మరుసటి ఏడాది, 2020 నవంబరులో, అదే సంస్థ ఈజిప్టు నుంచి ‘మా వరా అత్ తబీఆ’ అనే ఆరు భాగాల ధారావాహికను విడుదల చేసింది. ప్రకృతికి అవతల ఉన్నది అని ఆ పేరుకు అర్థం. రచయిత అహ్మద్ ఖాలిద్ తౌఫీఖ్ (1962-2018) వృత్తిరీత్యా వైద్యుడు, తాంతా విశ్వవిద్యాలయంలో వైద్య ఆచార్యుడు. 1993 నుంచి ఆయన రాసిన చిన్న చిన్న నవలలను చదువుతూ ఒక తరం అరబ్బు కుర్రకారు పెరిగింది. ఆయన కథానాయకుడు రిఫ్అత్ ఇస్మాయిల్ కూడా వైద్యుడే. బక్కపలచని, సిగరెట్లు తాగే, దేనినీ తొందరగా నమ్మని మనిషి. దయ్యమని ఎవరైనా అంటే ముందు మరో కారణం ఉందేమో చూద్దామంటాడు. అదీ ఆరు భాగాలతోనే ఆగిపోయింది. కానీ దానిలో ఈజిప్టు ఉంది. 1960ల నాటి వీధులు, ఇళ్లు, భోజనాల బల్ల దగ్గర వేళాకోళం ఉన్నాయి. ప్రశ్నించే ఒక బుర్ర ఉంది. మన పిల్లలు ఏదో ఒకటి చూడక మానరనుకుంటే, ప్రతి అలికిడికీ జిన్ను అనే కథ కన్నా ‘ఆగు, చూద్దాం’ అనే కథ మేలు.

ఇక జోర్డాన్ మాటకొస్తే, అంత గొడవ తరువాత అక్కడ ఇటువంటివి మళ్లీ తీయరని చాలామంది అనుకుని ఉంటారు. 2021 ఆగస్టులో తీమా షోమలీ అనే జోర్డాన్ దర్శకురాలు ‘అర్రవాబీ బాలికల పాఠశాల’ అనే ఆరు భాగాల ధారావాహికను తెచ్చింది. మళ్లీ అమ్మానే, మళ్లీ బడే, మళ్లీ తోటివారి వేధింపులే. దెబ్బలు తిన్న అమ్మాయి పగ తీర్చుకోవాలనుకోవడం, ఆ పగ ఇంకొక అమ్మాయి ప్రాణం మీదికి, ఆమె ఇంటి పరువు దాకా పోవడం కథ. దాని మీదా అభ్యంతరాలు వచ్చాయి, వాదోపవాదాలు నడిచాయి. అయినా అది నిలబడింది. 2024 ఫిబ్రవరిలో రెండో విడత కూడా వచ్చింది. అందులో జిన్ను లేదు.